నిలబడ్డ జనం

“ఓకే అయిపోయిందయ్యా! పెద్దాయన బొమ్మ చూసి ఒకటే మురిసిపోయారు!” సెక్రటరీ గుమ్మంలోంచే కేకేశాడు.

పరంజా మీదున్న చిత్రకారుడి చేతిలోంచి కుంచె జారిపోయింది. కింద రంగులు కలుపుతున్న భార్య గబుక్కున లేచింది. “విన్నారా?”

విన్నాడు. గంతులేద్దామనే ఉంది గానీ మెడ సహకరించలేదు. పెళ్ళయిన వారానికే ఈ సభామందిరం గోడ ఎక్కాడు. గోడ నిండా పాత సామ్రాజ్యం నాటి బొమ్మ. గుర్రం మీద చక్రవర్తి, ఆయన ముందు మోకరిల్లిన జనం. దేశానికి ఎప్పుడో స్వతంత్రం వచ్చినా బొమ్మలో జనం మాత్రం లేవలేదు. కొత్త ప్రభుత్వం రాగానే గద్దెనెక్కిన పెద్దాయన హుకుం జారీ చేశాడు, వాళ్ళని లేపి నిలబెట్టమని.

లేపడమంటే మాటలా? ఆనాటి చిత్రకారుడు వంగిన వీపులు గీసి ఊరుకున్నాడు. ఒక్కరికీ మొహం లేదు. దాంతో ఆలుమగలిద్దరూ తెలిసినవాళ్ళ మొహాలన్నీ అరువు తెచ్చారు. ముందు వరసలో ఆమె నాన్న, పక్కనే అతని మేనత్త, వెనక టీ కొట్టు తాత. నిద్రలో కూడా అతనికి ఎవరినో చంకల కింద చేతులు వేసి లేపుతున్నట్టే ఉండేది.

“మా నాన్న అచ్చం ఫొటోకి నిలబడ్డట్టే ఉన్నాడండీ.”

“పొట్ట తగ్గించాను కదా. అల్లుడి మర్యాద.”

ఆమె పకపకా నవ్వింది. ఇన్ని నెలలుగా ఆ నవ్వొక్కటే అతనికి విశ్రాంతి.

“రేపు పొద్దున రైలుకే సముద్రం చూడ్డానికి. ఈసారి మాట తప్పారో, ఒక్కదాన్నే పోతా!”

సెక్రటరీ మెడ గోక్కున్నాడు. “ఓ చిన్న సవరణ. ఆ చక్రవర్తి మొహం మనకెందుకు? తీసేసి పెద్దాయన మొహం పెట్టేయ్.”

“గుర్రం మీదా సార్?” అందామె.

“ఆయనకి నచ్చిందే గుర్రం కదమ్మా!”

చిత్రకారుడు నీరసంగా ఆలోచించాడు. ఒక్క మొహమేగా, పూటలో అయిపోతుంది. పొద్దున రైలు పోతే సాయంత్రం రైలు. “సరే సార్. అదొక్కటేగా?”

“అదొక్కటే.”

వెళ్ళబోతూ సెక్రటరీ గుమ్మం దగ్గర ఆగి, తల పక్కకి వాల్చి, గోడకేసి కాసేపు చూశాడు.

“కాకపోతే, పెద్దాయన గుర్రం మీదుండగా వీళ్ళంతా ఇలా తలెత్తుకు నిలబడితే ఏం బావుంటుందయ్యా? రేపు పొద్దున్నే అందరినీ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టేయ్.”