బొటనవేలంత ఖాళీ

బూట్ల షాపులో లెక్కల మాస్టారు గంటసేపటి నుంచి సేల్స్‌మన్ ప్రాణం తోడేస్తున్నారు.

"మడమ దగ్గర ఇంకోసారి చూడు బాబూ. ఏమాత్రం జారకూడదు."

అది పదకొండో జత. ఆయన భార్య మాత్రం కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఇదంతా తనకు పట్టని వ్యవహారమన్నట్టు ఫోన్ చూసుకుంటోంది. ఆదివారం ఐదు కిలోమీటర్ల పరుగు పందెం ఆవిడది. బెంగంతా మాస్టారిది.

ఇన్నాళ్ళూ ఆవిడ పరిగెత్తింది వాళ్ళక్క ఇచ్చిన బూట్లతో. అక్కది పెద్ద పాదం. బంగారంలాంటి బూట్లు పారేస్తామా అని, ఈవిడ ముందు భాగంలో దూది కుక్కి లాగించేస్తోంది. ఫలితం, మూడు పందేలకి మూడు దెబ్బలు. మొదటిసారి కనుబొమ్మ చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. రెండోసారి ముందు పన్ను ఊడింది. మూడోసారి ముక్కు విరిగి మొహమంతా వాచింది. వారం రోజులు తిండంతా స్ట్రాతోనే గడిచింది. ఇంకొక్క దెబ్బ తగిలితే ముక్కు మీద ఆశ వదులుకోమని డాక్టర్ తేల్చేశాడు.

సేల్స్‌మన్ ఇరవయ్యేళ్ళుగా ఆ పనిలో ఉన్నవాడు. వచ్చినవాళ్ళ పాదాలే తప్ప మొహాలు చూడడు. కథంతా తల వంచుకునే విన్నాడు.

"వదులు బూటుతో అంతే సార్. ఎప్పుడేం చేస్తుందో చెప్పలేం."

సాయంత్రం రావడం మంచిదైందన్నాడు. పొద్దుటికంటే పాదం కాస్త ఉబ్బుతుందట. రెండు పాదాలూ విడివిడిగా కొలిచాడు. కుడిది పిసరంత పెద్దదని తేల్చి, దాని కొలతే తీసుకున్నాడు. పరుగుకి వేసుకునే సాక్సే వేయించాడు. వేళ్ళ ముందు బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇక్కడ బొటనవేలంత ఖాళీ ఉండాలి. వెనకాల చీమ దూరే సందు కూడా ఉండకూడదు."

లేసుని చివరి కన్నం దాకా దూర్చి బిగించాడు. ఆవిడ షాపు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తింది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"మీరు ప్రతిదానికీ హడలిపోతారు," అంది భార్య. "పరుగన్నాక చిన్నాచితకా దెబ్బలు తగలవూ?"

"చిన్నాచితకానా?" మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ జతే కొనేశారు. పాత బూట్లు అక్కకి తిరిగి పంపించే పూచీ కూడా తనే తీసుకున్నారు.

ఆదివారం వచ్చింది. ఎదురుగా నిలబడితేనే వీడియో బాగా వస్తుందని భార్య హుకుం. ఎప్పటిలాగే మాస్టారు ముగింపు గీతకి అవతల ఫోన్ పట్టుకుని నిలబడ్డారు.

చివరి వంద మీటర్లు ఆవిడ ఊపందుకుంది. మోకాళ్ళు పైకి లేస్తున్నాయి. కాళ్ళు విసిరి విసిరి వేస్తోంది. మాస్టారు ముక్కోటి దేవతలకీ మొక్కుకున్నారు.

గీత దాటింది. ఎవరికీ ఏమీ కాలేదు.

రెండు బూట్లూ ఆవిడ కాళ్ళకే ఉన్నాయని, ఈసారి ఒక్కటీ ఊడి గాల్లో ఎగిరొచ్చి తన మొహాన పడలేదని రూఢి చేసుకున్నాకే మాస్టారు హెల్మెట్ తీశారు.