ఎదురొచ్చిన మనిషి

సాస్తి పొలిమేరలో, వార్ధా నదికి ఇవతల, పొద్దు గూకకముందే ఇస్తారి బండి విప్పాడు. ఊరు విడిచాక ఇది రెండో మజిలీ.

“జిల్లా మారిందని ఎడ్లకెవలు చెప్పాలెరా? ఇంకా ఆదిలాబాద్ దిక్కే మర్లుతున్నయ్,” అంది తల్లి రాజక్క, మూడు రాళ్లతో పొయ్యి పేరుస్తూ.

బండిలో గడ్డి మీద పడుకున్న ఇస్తారి భార్య జయ నవ్వబోయి ఆగిపోయింది. కాళ్లు వాచి నున్నగా మెరుస్తున్నాయి.

రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. ఈసారైనా దక్కాలని చాందా దవాఖానకు బయల్దేరారు. తమ తాలూకా ఆదిలాబాద్ నుంచి పోయి చాందా జిల్లాలో కలిశాక ఇక దిక్కు అదే.

అంతలో రేవు వైపు నుంచి ఒక నడివయసు మనిషి నడిచి వచ్చింది. తెల్లచీర, గొడుగు, చేతిసంచి. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు.

“బండి దొరకలే తమ్మీ. తెల్లారేదాక మీ పొయ్యి కాడ కూసుంట.”

బండిలో మూలుగు వినిపించింది. ఆమె అటు తిరిగింది.

“ఎన్నో నెల బిడ్డా? ఏదీ, కాళ్లు చూడనియ్...”

రాజక్క గరిటె పట్టుకుని అడ్డం వచ్చింది.

“ఆడనే ఆగు! మొగడు పోయినదానివి, నిండు చూలాలి మీద నీ నీడ పడనిస్తనా?”

“అది కాదక్కా, నేను...”

“నోరు తెర్వకు. రెండిటిని మట్టిల పెట్టి వచ్చినం. నడువ్!”

ఆమె ఇస్తారి వైపు చూసింది.

ఆ వాపు సంగతి అడగాలనిపించింది అతనికి. అడిగి, రేపేమన్నా అయితే, కీడును పిలిచినవాడు తానే అవుతాడు. భయం వేసినప్పుడల్లా అతని చేతులు ఏదో ఒక పని వెతుక్కుంటాయి. వంగి ఎడ్లకు గడ్డి వేశాడు.

“నదిల నీళ్లు మోకాళ్లదాకనే ఉన్నయ్. తెల్లారేదాక ఆగకుండ్రి తమ్మీ, ఇప్పుడే దాటుండ్రి.”

అంతే అంది ఆమె. బండికి ఎదురు కాకుండా చేనులోకి దిగి, చుట్టూ తిరిగి మళ్లీ బాట ఎక్కింది.

“పీడ పోయింది,” అంది రాజక్క.

వాళ్లు తెల్లారేదాకా ఆగారు.

రేవు మధ్యలో జయకు మూర్ఛ వచ్చింది. విసాపూర్ దాటేలోపు మళ్లీ వచ్చింది.

మర్నాడు పొద్దున దవాఖాన మంచం మీద కళ్లు తెరవకుండానే అడిగింది.

“ఏడ్చిందా?”

రాజక్క కొంగులో ముఖం దాచుకుంది.

వరండాలో కాంపౌండర్ జీవానందం ఇస్తారి పక్కన వచ్చి కూర్చున్నాడు.

“ఏ ఊరు తమ్మీ మీది?”

ఇస్తారి చెప్పాడు.

“లక్ష్మయ్య అల్లునివా? పత్తి అమ్మనీకి వచ్చినప్పుడు మీ మామ మా కాళ్లావేళ్లా పడ్డడు. అందుకే మా నర్సు సువార్తను మీ ఊరికి తోలిచ్చినం. తొవ్వల ఎదురుపడలేదా?”

“నర్సమ్మ ఏడికెల్లి వస్తదయ్యా,” అంది రాజక్క కళ్లు తుడుచుకుంటూ. “మాకు ఎదురొచ్చింది ముండమోసిన మనిషొక్కతే. తెల్లచీర, గొడుగు. దాని మొఖం చూసే ఇట్లయింది.”

జీవానందం లేచి నిలబడ్డాడు.

“మేం కిరస్తానపోళ్లం, బొట్టు పెట్టం తల్లీ, నీ కోడలి కాన్పుకని నడిచిపోయిన ఆ మనిషి నా పెండ్లాం, నేను బతికే ఉన్న.”