నోటు మీద టోపీ

కోర్టు నడవాలో వెల్మా ఇరవై డాలర్ల నోటు తీసి, బెంచీ మీద చదును చేసింది.

పక్కనున్న ముసలాయన మంచుకు తడిసిన తన టోపీని తీసి దాని మీద బోర్లించాడు.

"ఏం పెద్దాయనా, ఆరేసుకోవడానికి నా డబ్బే దొరికిందా?"

"ఎవరికమ్మా అది?"

"కౌంటీ సర్కారు లాయరుకి. ఎంతో కొంత కడితే వాయిదా ఇప్పిస్తానన్నాడు."

"దేని బాకీ?"

వెల్మా గొంతు తగ్గించింది.

"మా అబ్బాయికి మతి చెదిరితే కౌంటీ ఆసుపత్రిలో ఉంచారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, టైర్ల షాపులో పని. బిల్లు నా మెడకు చుట్టుకుంది, కౌంటీ నా మీద కేసు వేసింది. ఓడితే నా జీతంలోంచి కోసుకుంటారు."

"ఎప్పటి మాట?"

"వాడికి మీసం రాకముందు."

"ఆ తర్వాత ఏమైనా కట్టావా?"

"ఎక్కణ్ణుంచి తేను? బడి వంటింట్లో గరిటె తిప్పేదాన్ని."

"అయితే ఒక్క సెంటు కట్టకు. దావా వేసే గడువు దాటిన బాకీకి ఊపిరుండదు. ఈ ఇరవైతో నువ్వే ఊపిరి పోస్తావు. గడువు దాటిందని జడ్జిగారికి నీ నోటితో చెప్పు. నువ్వు చెప్పకపోతే ఆయన అడగడు."

"కడతానని మాటిచ్చాను."

"వెనక్కి తీసుకో."

"సిగ్గులేదూ ఆ మాటనడానికి? లేచి ఆ చివర కూర్చోండి."

ఆయన లేచాడు. టోపీని మాత్రం తీయలేదు.

కౌంటీ కుర్ర లాయరు నవ్వుతూ వచ్చాడు.

"తెచ్చారా మేడమ్?"

వెల్మా చెయ్యి టోపీ అంచు దాకా వెళ్ళి ఆగింది.

"ముందు జడ్జిగారితో మాట్లాడతాను."

లాయరు నవ్వు చెదిరింది. అది చూశాకే ఆమెకు ధైర్యం వచ్చింది.

లోపల, గడువు దాటిందన్న ఆ ఒక్క మాటే చెప్పింది.

జడ్జి కాగితాలు తిరగేశాడు. లాయరు వైపు చూశాడు. లాయరు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

కేసు కొట్టేశారు.

తడిసిన కోటు విప్పేసినంత తేలికగా వెల్మా బయటకు వచ్చింది. బెంచీ మీద టోపీ ఉంది. దాని కింద నోటు అలాగే ఉంది. మనిషి లేడు.

కిటికీ అవతల, మంచులో, ఒక బోడితల బస్సెక్కుతోంది.

"ఎవరాయన?" తలుపు దగ్గరి బంట్రోతును అడిగింది. "పాపం, కసిరేశాను."

"ఓరిన్ పెల్‌గారు," అన్నాడు బంట్రోతు. "రిటైరయ్యేదాకా ఆ బెంచీ మీదే కూర్చుని, మీలాంటివాళ్ళ దగ్గర ఆ ఇరవై పుచ్చుకున్న కౌంటీ లాయరు ఆయనే."