నీలం స్వెటర్

నా భార్య బట్టలు నేను సంచిలో సర్దుతుంటే, మా అమ్మాయి ఆ నీలం స్వెటర్ మళ్ళీ బయటికి లాగింది.

“అమ్మ ఇక రాదు తల్లీ. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?”

“ఇది అమ్మది కాదు. ఇంకో అమ్మది.”

నా భార్యకు ఒక జబ్బు ఉండేది. ఉన్నట్టుండి వేరే మనిషైపోయేది. ఆ స్వెటర్ తొడుక్కుని, కన్నకూతుర్నే “ఎవరి పాపవమ్మా నువ్వు?” అని అడిగేది. తేరుకున్నాక ఏమీ గుర్తుండేది కాదు. నన్ను నిలదీసేది: “దాన్ని కొట్టానా? అన్నమైనా పెట్టానా?” ఆఫీసులో ఉన్నవాణ్ణి, నాకేం తెలుస్తుంది? పిల్లను అడగడానికి తనకు భయం. ఆ బెంగ తీరకుండానే పోయింది.

“ఇద్దరూ ఒక్కరేనే” అని కసిరాను. “ఇలా ఇయ్యి.”

ఇవ్వలేదు. “ఆ అమ్మ వస్తే చలెయ్యదా?”

“వచ్చి ఏం ఉద్ధరిస్తుందట?”

“జడ వేస్తుంది. మీ అమ్మ నిన్ను బాగా చూసుకుంటుందా అని అడుగుతుంది. చాలా బాగా అని చెప్తాను.”

నేను సర్దడం ఆపేశాను. అది స్వెటర్‌ను పొట్టకు అదుముకుని, నావైపు చూడకుండా అంది:

“ఈసారి అడిగితే, అమ్మ చనిపోయిందని నువ్వే చెప్పు నాన్నా. నేను చెప్పలేను.”