మెట్ల మీద ఆవిడ

కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు చర్చి గుమ్మం దగ్గర అడిగిన ఒక్క ప్రశ్నతో మొదలైంది ఇదంతా.

"విమలమ్మగారూ, ఈ అమ్మాయి మీ చిన్న కోడలు కదా. పక్కనున్నావిడ మీ చెల్లెలాండీ?"

పక్కనున్నావిడ పెద్ద కోడలు ఫెబా. వయసు ముప్పై ఆరు.

చిన్న కోడలు అక్సా నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. నవ్వు మాత్రం కళ్ళలో దాగలేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇద్దరికీ తేడా మూడేళ్ళే. కాన్పుల తరవాత ఇద్దరి చెంపలకీ మంగు వచ్చింది. ఒకే అద్దం ముందు నిలబడి ఇద్దరూ బాధపడ్డారు. ఈ ఆర్నెల్లలో అక్సాది పోయింది, ఫెబాది ఉండిపోయింది.

తనది పోకపోయినా సరిపెట్టుకునేదే. దానిదెందుకు పోవాలి? అదీ ఫెబా కడుపుమంట.

"ఏ క్లినిక్‌కి ఎళ్ళావే?" అని వంటింట్లో అడిగింది.

"రుషికొండ వైపు ఒకటుందిలే అక్కా. నీకు దూరమైపోద్ది," అంది అక్సా, గిన్నెలోకి చూస్తూ.

దూరమట! గాజువాక నుంచి రుషికొండకి బస్సుల్లేనట్టు. చెప్పడం ఇష్టం లేదంతే.

వచ్చే నెల అత్తమామల నలభయ్యో పెళ్ళిరోజు. స్టేజీ మీద కోడళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడాలి. ఆ చెంపల పక్కన ఈ చెంపలతో నిలబడడం ఫెబా వల్ల కాదు.

మార్కెట్ వెనక సందులో, మేడ మీద ఒక పార్లర్ ఉంది. మూడు సిట్టింగుల్లో మంగు మాయం అని బోర్డు. సోమవారం పిల్లల్ని బడికి పంపి అక్కడికి వెళ్ళింది.

కింది మెట్టు మీద ఒకావిడ కూర్చుని ఉంది. కొంగు తల మీదుగా ఒక చెంపని కప్పుకుంది.

"మంగుకేనా అమ్మా?"

"నీకెందుకు?"

"పైనున్న పిల్ల డాక్టరేటి? అడిగినావా? సర్టిఫికెట్టు సూపించమను. సీసా మీద ఏటి రాసుందో సదివి మరీ కూకో. సెవి ఎనకాల సుక్కంత రాయించుకుని వారం రోజులు ఆగమ్మా."

ఫెబాకి అనుమానం వచ్చింది. తన ముఖం ఇలాగే ఉండిపోతే లాభం ఎవరికి?

"నిన్ను అక్సా పంపిందా?"

"అక్సా అంటే ఎవులమ్మా? నన్నెవులూ పంపలేదు. ఇటు సూడు..."

ఆవిడ కొంగు తీయబోయింది. ఫెబా అప్పటికే నాలుగు మెట్లు ఎక్కేసింది.

పార్లర్ నడిపే శ్రీసత్యకి పాతికేళ్ళుంటాయి. తెల్లకోటు వేసుకుంది. ఫెబా కుర్చీలో కూర్చోకముందే ఆమెకి చెప్పేసింది.

"కింద ఒకావిడ కూకుని వచ్చినోళ్ళందర్నీ బెదరగొడతంది. మీ బేరం పాడైపోద్ది, చూసుకోండి."

శ్రీసత్య ముఖం ఎర్రబడింది.

"ఇంక కనపడదు మేడమ్. మంచి మాట సెప్పారు. మీకు రెండు సిట్టింగులు ఈరోజే కలిపి సేసేత్తాను."

సీసాలోని మందు చెంపలకి చల్లగా తగిలింది. రెండో నిమిషానికి మంట మొదలైంది.

"మండితేనే పని సేత్తన్నట్టు మేడమ్."

ఫెబా పళ్ళు బిగించి ఓర్చుకుంది. మూసిన కళ్ళ ముందు అక్సా చెంపలే.

మూడో రోజుకి చర్మం ఊడి, రసి కారడం మొదలైంది.

అక్సా ఈసారి నవ్వలేదు. ఆటో పిలిచి, ఫెబాని చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఓపీ లైన్లో నిలబెట్టింది. లోపల చర్మం డాక్టరమ్మ అక్సానే ముందు పలకరించింది.

"ఆయింట్‌మెంట్ అయ్యాక ఎండలో తిరగట్లేదు కదా?"

ఫెబా తోడికోడలి వైపు తిరిగింది. "రుషికొండ అన్నావు?"

"సర్కారాసుపత్రి లైన్లో నిలబడ్డానని సెప్పుకోడానికి సిగ్గేసింది అక్కా. నానూ ముందు ఆ పార్లర్‌కే ఎళ్ళాను. మెట్ల మీద ఒకావిడ ఆపేసి, ఇక్కడికి పంపింది."

తన కుళ్ళు ఎంత పెద్దదో ఫెబా అంత చిన్నదైపోయింది.

పుండు మానుతుందనీ, మచ్చ కొంత ఉండిపోతుందనీ చెప్పింది డాక్టరమ్మ.

నెల తిరిగాక ఫెబా ఆ సందుకి వెళ్ళింది. పెళ్ళిరోజుకి స్టేజీ ఎక్కలేదన్న బాధ ఇప్పుడు అంతగా లేదు. ఆవిడకి ఒక్క మాట చెప్పుకోవాలి, అంతే.

మెట్టు మీద ఎవరూ లేరు. మెట్ల కింద మిషన్ పెట్టుకున్న టైలర్ సూరన్నని అడిగింది.

"ఇక్కడ ఒకావిడ కూర్చునేది, ఏది మాస్టారూ?"

"గంగాలమ్మా? ఎవులో కస్టమరు సెప్పిందని పై పిల్ల ఆరోజే బస్సెక్కించేసింది. ఏ ఊరు పంపేసిందో నాకు తెలీదు."

ఆ కస్టమరు తల దించుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరి ముఖం ఏమైపోతే ఆవిడకెందుకు మాస్టారూ? రోజూ వచ్చి కూర్చోవడం?"

సూరన్న మిషన్ ఆపాడు.

"అలాగంటావేటమ్మా, శ్రీసత్యని తల్లిలాగ పెంచిన సొంత అక్క ఆవిడ, ఆ పిల్ల పని నేర్సుకున్నప్పుడు మొట్టమొదట ఆ సీసా మందు పూసింది ఆవిడ మొకానికే."