జాతి గడి

పిల్లికూనలకు కూడా కార్డులు వచ్చిన ఏడాది అది. జాతి ఏమిటో, రంగేమిటో, ఎదిగాక ఎంత బరువుంటుందో ఫోనే కూనను చూసి చెప్పేది. జాతి తేలని కూనను బండిలో తీసుకుపోయేవారు.

కార్డులు రాసే జోగారావు మా ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గున్నమ్మ మినుములు చెరుగుతోంది. కూన ఆమె ఒళ్లో ఉంది. అతను దాని మీద మూడుసార్లు ఫోన్ తిప్పాడు.

"బూడిద రంగు, నల్ల చారలు. ఎదిగితే నాలుగు కిలోలు. జాతే తేలట్లేదు పిన్నీ."

"ఊరపిల్లని రాసుకో బాబూ."

"ఆ మాట ఇందులో లేదు. పోనీ, తల్లిదేటి జాతి?"

"తల్లి గోడ దిగొచ్చింది. మేం అడగలేదు, అది సెప్పలేదు."

జోగారావు నవ్వాడు. నవ్వుతూనే వెంట తెచ్చిన బోను తెరిచాడు.

గున్నమ్మ చేట కింద పెట్టి నన్ను చూపించింది. "మా మావని బళ్లో జాతి అడిగి ఎనక బెంచీలో కూకోబెట్టినారు. మనుసులకి ఆ గడి తీసీసి ఇరవై ఏళ్లయినాది. ఇప్పుడు పిల్లికి పెట్టినారా?"

నేను ఆ బెంచీలోనే ఐదో తరగతి దాకా చదివాను. ఫోన్ ఇటిమ్మని, జాతి గడిలో 'చెప్పం' అని కొట్టాను. అది ఎర్రగా వెలిగి, చెరిపేసింది.

"తీసుకోదు బాబాయ్."

"తీసుకునేదాకా కొడతాను."

వీధిలో బండి హారన్ మోగింది. గుమ్మానికి అడ్డంగా కూర్చుని మళ్లీ కొట్టాను.