కింది గడి

"మల్లేశ్వరీ! నా మెయిల్లో సగం ఎవరు పీకేశారే?"

మార్కండేయులు కేకకి వెనక గదిలో నేతగాడి మగ్గం చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. మల్లేశ్వరి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"సగం కాదండీ. కింది గడి ఒక్కటే తీసేశాను."

"ఉత్తరం కనపడేది అందులోనేగా!"

"పైన పేరు మీద ఎంటర్ నొక్కండి. ఉత్తరం మొత్తం తెరుచుకుంటుంది."

"ఎందుకు నొక్కాలి? నిన్నటిదాకా నొక్కకుండానే కనపడిందిగా?"

ఆయన విసురుగా మౌసు కదిపాడు. కంప్యూటర్ వెంటనే ముక్కుతో ఇంగ్లీషులో ఏదో వాగింది. మార్కండేయులుకి ఒళ్లు మండిపోయింది.

మంగళగిరిలో ఆయనది చీరల వ్యాపారం. చెన్నై, బెంగళూరు షాపులవాళ్లు ఉత్తరాలు మానేసి ఆర్డర్లన్నీ మెయిల్లోనే పంపుతున్నారు. తిప్పలు పడి ఆ మెయిలు నేర్చుకుని, రెండేళ్లుగా ఎవరి సాయమూ లేకుండా నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడేమో ఉన్నట్టుండి భార్యకి కంప్యూటర్ పిచ్చి పట్టుకుంది. అదీ మామూలుగా కాదు. చూపు లేనివాళ్లకి కంప్యూటర్ నేర్పే సుభానీ అనే ఆయన్ని గుంటూరు నుంచి పిలిపించి, తెర మీద ఉన్నదంతా పైకి చదివే సాఫ్ట్‌వేర్ పెట్టించింది. ఎందుకే అంటే, "చత్వారం కళ్లతో ఆ చిన్న అక్షరాలు చదవలేనండీ, వింటూ నేర్చుకుంటాను" అంది.

ఆ రోజునుంచీ ఇంట్లో ప్రశాంతత లేదు. మీట నొక్కితే వాగుతుంది, నొక్కకపోతే వాగుతుంది. ఆయన పేరునైతే ఎవరో తెల్లదొర నోట్లో వక్క పెట్టుకుని పిలిచినట్టు పలుకుతుంది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఆమె మళ్లీ కంప్యూటర్ ముందుంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఆల్ట్, వి, ఎల్ నొక్కాను సుభానీ గారూ. కింది గడికి టిక్కు లేదంటోంది. ఊఁ, అదలాగే ఉంచుతాను. తర్వాత? జెండా బొమ్మ, పిన్ను బొమ్మ ఉండే నిలువు వరసలు కూడా తీసెయ్యాలా? పంపినవాళ్ల పేరే ముందు చదివేలాగా? సరేనండి."

"నా జెండా ఎందుకే తీస్తావు! తొందర ఆర్డర్లకి పెట్టుకున్నాను నేను!" అంటూ మార్కండేయులు ముందుకొచ్చాడు. బల్ల అంచునున్న మంచినీళ్ల గ్లాసు ఆయన చేయి తగిలి భళ్లున కింద పడింది.

"దారిలో గ్లాసు పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

ఆమె ఫోను పెట్టేసి గుడ్డ తెచ్చి నేల తుడిచింది. "కంట్లో చుక్కలు వేసుకున్నారా?" అని మాత్రం అడిగింది.

"దురద మందేగా, వేసుకున్నాలే. మాట మార్చకు. రేపు ఆ సుభానీ వచ్చి దీన్ని పీకెయ్యాలి. లేదంటే కంప్యూటరే నడిబజార్లో పెట్టేస్తాను. నా మెయిలు నాకే అర్థం కాకుండా చేశావు కదే! పొద్దున చెన్నై ఆయన మెయిలు వెతుక్కోలేక చచ్చాను. ఆర్డరు పోతే నువ్విస్తావా?"

మల్లేశ్వరి గుడ్డ పిండి పక్కన పెట్టింది. నేల మీదే కూర్చుండిపోయింది.

"పోయిన నెల విజయవాడ కంటాసుపత్రిలో ఇద్దరం చూపించుకున్నాం కదా. మీకు ఫోను వచ్చిందని బయటికెళ్లారు. అప్పుడు పిలిచి చెప్పాడండీ డాక్టరు. లోపల నరం దెబ్బతింటోందట. మందుతో కాస్త నెమ్మదిస్తుందట గానీ ఆగదట. ఏడాది, మహా అయితే రెండేళ్లు."

మార్కండేయులు మెల్లగా వచ్చి ఆమె పక్కన తడి నేల మీదే చతికిలబడ్డాడు.

"నీకా?"

ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత తల ఊపింది.

మర్నాడు సుభానీ వచ్చాడు. పీకెయ్యమని ఎవరూ అనలేదు. "ముందు నాకు నేర్పండి" అన్నాడు మార్కండేయులు. "ఈమెకి నేను నిదానంగా చెప్పుకుంటాను."

మౌసు తీసి బీరువా మీద పడేశాడు. కళ్లకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. తప్పు నొక్కినప్పుడల్లా కంప్యూటర్నీ, సుభానీనీ, ఇంగ్లీషు భాషనీ తిట్టాడు. తిడుతూనే నేర్చుకున్నాడు. బాణం మీట నొక్కితే ఒక్కో పేరూ వినిపించేది. కావలసిన పేరు దగ్గర ఆగి ఎంటర్ కొట్టేవాడు. కింది గడి అడ్డం లేకపోవడమే సుఖమని ఒప్పుకోవలసి వచ్చింది. భార్యకి నేర్పేటప్పుడు మాత్రం గొంతు లేచేది.

"ఆల్ట్ అంటే మళ్లీ కంట్రోల్ నొక్కుతావేంటే! ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరోసారి చూపించండి" అనేది మల్లేశ్వరి.

ఆయన విసుక్కుంటూనే మరోసారి చూపించేవాడు.

వానాకాలం వెళ్లిపోయేసరికి ఆయన చేతులకి మీటలన్నీ అలవాటైపోయాయి. ఒక సాయంత్రం బెంగళూరు షాపు అడిగిన ధరలకి తువ్వాలు విప్పకుండానే జవాబు కొట్టి పంపేశాడు. వెళ్లిందని కంప్యూటర్ చెప్పగానే పిల్లాడిలా నవ్వాడు.

"చూశావా? తెర ఆపేసినా మన వ్యాపారం ఆగదిక."

తువ్వాలు విప్పి చూస్తే మల్లేశ్వరి గోడవైపు తిరిగి కొంగుతో ముఖం ఒత్తుకుంటోంది.

"పిచ్చిదానా, ఏడుస్తావెందుకే? నీ కళ్లు పోతే మాత్రం నేను లేనూ?"

ఆమె ఆయన చేయి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు చెప్పింది ఆయన కళ్ల గురించి.